తడిసిన కార్బన్ పేపరు గుండా ఆక్సిజన్: నా లెక్క పది రెట్లు ఎందుకు తప్పుతోంది?

తడి_పేపరు | విజయవాడ | జులై 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎం.టెక్. ప్రాజెక్టులో భాగంగా, ఫ్యుయల్ సెల్‌లో (హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కరెంటు పుట్టించే పరికరంలో) వాడే కార్బన్ పేపరు గుండా ఆక్సిజన్ ఎంత సులువుగా పోతుందో కొలుస్తున్నాను. ముందు పొడి పేపరు, తర్వాత కొంత తడిసిన పేపరు. మూడు వారాలుగా ఒక్కచోటే ఆగిపోయాను.

పరికరం ఇది. 200 ఘన సెంటీమీటర్ల అక్రిలిక్ డబ్బా. ఒక ముఖానికి 16 మి.మీ. రంధ్రం. దాని మీద పేపరు బిళ్లను పెట్టి రింగుతో బిగిస్తాను. డబ్బా లోపల ఆక్సిజన్ సెన్సరు, గాలి కలియడానికి బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను ఉన్నాయి. డబ్బాలో నత్రజని నింపి రంధ్రం మూత తీస్తే, బయటి ఆక్సిజన్ పేపరు గుండా లోపలికి చేరుతుంది. లోపలికీ బయటికీ ఉన్న ఆక్సిజన్ తేడా 37 శాతానికి తగ్గడానికి పట్టే కాలాన్ని బట్టి పేపరు నిరోధం లెక్కగడతాను.

పేపరు మందం 190 మైక్రాన్లు, అందులో 78 శాతం ఖాళీ. బ్రగ్‌మన్ 1935లో ఇచ్చిన సూత్రం ప్రకారం, మామూలు గాలిలో జరిగే వ్యాపనంలో (వాయువు దానంతట అది విస్తరించడంలో) 0.69 వంతు ఈ పేపరులో జరగాలి. నాకు 150 సెకన్లు వస్తోంది. లెక్క వేస్తే 0.06 తేలుతోంది. పది రెట్లకు పైగా తక్కువ.

ఇంకో చిక్కు. పేపరులోని ఖాళీలో 20 శాతం నీటితో నింపి కొలిస్తే 158 సెకన్లే. అంత నీరు అడ్డుపడినా పెద్ద తేడా లేదంటే నమ్మకం కలగడం లేదు. సెన్సరు పాడైందేమోనని మార్చి చూశాను. అదే అంకె.

కృష్ణలంక_కెమిస్ట్రీ | విజయవాడ | జులై 3, రాత్రి 10:15

పేపరు లేకుండా, ఉత్త రంధ్రంతో కొలిస్తే ఎంత వస్తోందమ్మా?

తడి_పేపరు | జులై 3, రాత్రి 10:22

అది ఎప్పుడూ కొలవలేదండీ. పేపరు లేకపోతే ఆక్సిజన్ వెంటనే లోపలికి వచ్చేస్తుంది కదా అనుకున్నాను. రేపు చూసి చెబుతాను.

ఇంటర్_రెండో_ఏడు | గుంటూరు | జులై 3, రాత్రి 11:05

అక్కా, నాకొక సందేహం. పేపరు తడుస్తోందంటే తడవకుండా చేస్తే సరిపోతుంది కదా? తడిపి మరీ కొలవడం ఎందుకు?

బ్రాడీపేట_ఘటం | సొంత ఊరు గుంటూరు, ఉద్యోగం చెన్నై | జులై 4, ఉదయం 6:50

తమ్ముడూ, మంచి ప్రశ్న. ఆ పేపరును ఎవరూ తడపనక్కరలేదు. ఫ్యుయల్ సెల్ తనే తడుపుకుంటుంది. అందులో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి కరెంటు, వేడి, నీరు పుడతాయి. ప్రతి చదరపు సెంటీమీటరు నుంచి ఒక ఆంపియరు తీస్తున్నామనుకో. అక్కడ గంటకు 0.34 గ్రాముల నీరు పుడుతుంది. కొంచెమే అనిపిస్తుంది. కానీ 190 మైక్రాన్ల పేపరులో ఒక చదరపు సెంటీమీటరు కింద ఉన్న ఖాళీ అంతా కలిపి 15 మిల్లీగ్రాముల నీరు పట్టేంతే. పుట్టిన నీరు ఎటూ పోకుండా ఉంటే మూడు నిమిషాలలోపే పేపరు నిండిపోతుంది.

నీటిలో ఆక్సిజన్ వ్యాపనం గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. అంటే నీరు నిండిన రంధ్రం మూసుకున్న తలుపుతో సమానం. అందుకే పేపరుకు టెఫ్లాన్ పూస్తారు, నీరు అంటుకోకుండా. అయినా పూర్తిగా పొడిగా ఉంచలేం, ఉంచకూడదు కూడా. సెల్ మధ్యలో ప్రోటాన్లు దాటే పొర ఒకటి ఉంటుంది, అది తడిగా లేకపోతే ప్రోటాన్లు కదలవు. సగం తడి, సగం పొడి. ఫ్యుయల్ సెల్ బతుకంతా ఈ రెంటి మధ్యే. అందుకే తడిసిన పేపరు లెక్క అంత అవసరం.

మన రాష్ట్రం నుంచే ఒక ఉదాహరణ: 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ58 చివరి దశలో ఇస్రో 100 వాట్ల ఫ్యుయల్ సెల్‌ను పరీక్షించింది.

తడి_పేపరు | జులై 4, సాయంత్రం 5:30

కెమిస్ట్రీ గారూ, మీరు అడిగిన కొలత తీశాను. పేపరు లేకుండా 120 సెకన్లు! పేపరుతో 150. ఇన్నాళ్లూ నేను పేపరు అనుకుని కొలిచినదాంట్లో పేపరు వాటా 30 సెకన్లే.

ఇంకొక సంగతి. మధ్యాహ్నం పేపరుతో మళ్లీ కొలుస్తుంటే 2:40కి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి అంకెలు ఆగలేదు. తర్వాత లాగ్ గ్రాఫు (ఆక్సిజన్ తేడాకు లాగరిథం తీసి, కాలంతో పాటు గీసేది) గీసి చూస్తే, 2:40 దాకా చక్కగా దిగుతున్న గీత సరిగ్గా అక్కడ వంగి, కొత్త వాలులో మళ్లీ తిన్నగా సాగింది. కొత్త వాలు ప్రకారం 230 సెకన్లు. డబ్బాలో ఏదీ మారలేదు. గదిలో మారింది ఒక్కటే, పైన తిరిగే సీలింగ్ ఫ్యాను ఆగింది.

కృష్ణలంక_కెమిస్ట్రీ | జులై 4, రాత్రి 8:45

కరెంటు పోవడం వల్ల ఈసారి మేలే జరిగింది. ఆ గ్రాఫును పారేయవద్దు, థీసిస్‌లో పెట్టు.

లెక్క చూడు. 30 డిగ్రీల దగ్గర నత్రజనిలో ఆక్సిజన్ వ్యాపన గుణకం సెకనుకు దాదాపు 0.21 చదరపు సెంటీమీటర్లు. ఉత్త రంధ్రం 120 సెకన్లు ఇచ్చిందంటే, దాని ముందూ వెనకా కలిపి రెండున్నర మిల్లీమీటర్ల కదలని గాలి ఉన్నట్టు. ఫ్యాను ఆగితే అదే నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. ఇక 30 సెకన్లున్న నీ పేపరు ఎంతకు సమానం? 0.6 మిల్లీమీటర్ల గాలికి! పేపరుకన్నా దాని మీద నిలిచిన గాలే నాలుగు రెట్లు పెద్ద అడ్డం.

30 సెకన్లతో లెక్క మళ్లీ వేస్తే పేపరులో వ్యాపనం 0.30 వంతు వస్తుంది. బ్రగ్‌మన్ చెప్పిన 0.69 ఇంకా దూరమే, కానీ ఈసారి తప్పు నీది కాదు. ఆ సూత్రం గోళాలతో నిండిన పదార్థం కోసం పుట్టింది. నీ పేపరులో ఉన్నవి గోళాలు కావు, పొరలు పొరలుగా పడుకున్న కార్బన్ పోగులు. పోగుల వెంబడి గాలి సులువుగా పోతుంది, వాటికి అడ్డంగా వెళ్లాలంటే చుట్టూ తిరిగి రావాలి. నువ్వు కొలుస్తున్నది అడ్డంగా వెళ్లే దారి.

వాయువుల వ్యాపనం కొలవడానికి 1870లో మూసిన గొట్టం పద్ధతి పెట్టినది లోష్మిట్. అణువు పరిమాణాన్ని 1865లో అంచనా కట్టిన ఆయనే. ఆ గొట్టం పద్ధతిని ఈ పేపర్లకూ వాడతారు. అక్కడా ఇదే ఇబ్బంది: బారెడు గాలి మధ్యలో వెంట్రుకంత పేపరు.

ఆటోనగర్_లేత్ | విజయవాడ | జులై 5, ఉదయం 9:10

నాకు ఫ్యుయల్ సెల్ తెలియదు, బిగింపు తెలుసు. రెండు మాటలు.

ఒకటి. ఒక్క పేపరుతో తేడా చిన్నదైతే ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు పేపర్లు పేర్చి వరసగా కొలవండి. గాలి పొర ప్రతిసారీ అదే ఉంటుంది, పెరిగేది పేపరు ఒక్కటే. సన్నటి షీటు మందం తెలియాలంటే మేము పది షీట్లు కలిపి కొలిచి పదితో భాగిస్తాం. ఇదీ అదే పద్ధతి.

రెండు. స్క్రూలు చేతికి తోచినంత బిగిస్తే పేపరు నలుగుతుంది, ఖాళీ తగ్గుతుంది. ఎన్ని పేపర్లు పెడితే అంత ఎత్తున్న స్టీలు వాషరు చుట్టూ వేస్తే బిగింపు వాషరు దగ్గర ఆగుతుంది. కొలతలు పంపండి, తిప్పి ఇస్తాను.

మీరు నత్రజని సిలిండరు కోసం తిరుగుతున్నారేమో. టైర్లలో నింపే నత్రజని చాలదా?

తడి_పేపరు | జులై 5, ఉదయం 11:30

చాలుతుందండీ. అందులో కొంత ఆక్సిజన్ ఉన్నా ఫరవాలేదు. నేను చూసేది తేడా ఎంత వేగంగా తగ్గుతోందనే, ఎక్కడ మొదలైందని కాదు. సున్నా నుంచి మొదలైనా, 4 శాతం నుంచి మొదలైనా గీత వాలు మారదు. వాషరు కొలతలు సాయంత్రం పంపుతాను. చాలా కృతజ్ఞతలు.

తడి_పేపరు | జులై 9, రాత్రి 9:15

అయిదు వాషర్లు వచ్చాయి, అంచులు గోటికి కూడా తగలనంత నునుపు. సీలింగ్ ఫ్యాను ఆపి, రంధ్రం ఎదురుగా ఒకే వేగంతో తిరిగే చిన్న ఫ్యాను పెట్టాను. ఒక పేపరు నుంచి అయిదు పేపర్ల దాకా: 150, 181, 209, 242, 270. ఒక్కో పేపరుకు 30 సెకన్లు. గీతను వెనక్కి పొడిగిస్తే సున్నా పేపర్ల దగ్గర 120. ఉత్త రంధ్రం ఇచ్చిన అంకె అదే! పొడి పేపరు లెక్క తేలినట్టే. ఇక తడి.

నల్లరేగడి | గుంటూరు | జులై 10, ఉదయం 5:40

అమ్మా, నేను నేలల శాస్త్రంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మీ చర్చంతా చదివాను. మీరు ఫ్యుయల్ సెల్ అంటున్నారు, నాకు మాత్రం వాన నిలిచిన మిరప చేనే కనిపిస్తోంది.

మన నల్లరేగడిలో రెండు రోజులు నీరు నిలిస్తే మిరప మొక్క వాడుతుంది. చుట్టూ నీరుండగా వాడడమేమిటని కొత్త రైతు ఆశ్చర్యపోతాడు. మట్టి రంధ్రాలు నీటితో మూసుకుని వేరుకు ఆక్సిజన్ అందదు. మీ కాథోడ్ (సెల్‌లో ఆక్సిజన్ అందాల్సిన వైపు) ఇబ్బందీ అదే. పెన్‌మన్ 1940లో, కర్రీ 1960లో మట్టి గుండా వాయువుల వ్యాపనాన్ని కొలిచారు. మీరు కట్టిన డబ్బా దాదాపు మా వాళ్లు వాడే డబ్బాయే.

1961లో మిల్లింగ్టన్, క్వర్క్ తడి మట్టికి ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం, పొడిగా ఉన్నప్పటితో పోలిస్తే తడిసినప్పటి వ్యాపనం మిగిలిన ఖాళీ వంతుకు 10/3 ఘాతంగా తగ్గుతుంది. మీ బ్రగ్‌మన్ ఘాతం 1.5. రంధ్రాలలో 20 శాతం నీరుంటే బ్రగ్‌మన్ 72 శాతం వ్యాపనం మిగులుతుందంటాడు, మా వాళ్లు 48 అంటారు. నీరు ఖాళీని తగ్గించడమే కాదు, దారులనూ తెంచుతుంది. చుట్టూ నీరు కమ్మి గాలి బుడగ ఒంటరిగా మిగిలితే ఆ ఖాళీ ఉన్నా లేనట్టే.

ఒక్క ప్రశ్న అడుగుతాను. కొలత మొదలుపెట్టే ముందు బిళ్లను తూచారు సరే. అయిపోయాక తూచారా?

తడి_పేపరు | జులై 10, ఉదయం 8:05

లేదండీ.

బ్రాడీపేట_ఘటం | జులై 10, ఉదయం 9:30

నల్లరేగడి గారు అసలు చోటు పట్టుకున్నారు. లెక్క వేస్తే భయం వేస్తుంది. బిళ్ల వైశాల్యం రెండు చదరపు సెంటీమీటర్లు, ఖాళీ అంతా నిండితే 30 మిల్లీగ్రాములు, 20 శాతమంటే 6 మిల్లీగ్రాములు. గదిలో 30 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్నాయనుకుందాం. బిళ్ల మీద ఒక సెంటీమీటరు కదలని గాలి ఉంటే నిమిషానికి 0.36 మిల్లీగ్రాములు ఆవిరవుతాయి. ఫ్యాను ఆ పొరను 2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే నిమిషానికి 1.8. అంటే మూడున్నర నిమిషాలలోపే పేపరు పొడి. మీ కొలతకు పట్టేది ఏడెనిమిది నిమిషాలు. మీరు కొలిచింది తడి పేపరును కాదు, ఆరుతున్న పేపరును. అందుకే 158.

పాత తడి గ్రాఫు ఉంటే లాగ్ గీత తిన్నగా ఉందో లేదో చూడండి. పేపరు ఆరుతూ ఉంటే గీత పోనుపోను నిటారుగా దిగుతుంది.

తడి_పేపరు | జులై 10, సాయంత్రం 6:20

చూశాను. మొదటి మూడు నిమిషాలూ వంపు స్పష్టంగా ఉంది, తర్వాత గీత పొడి పేపరు గీతకు సమాంతరంగా దిగింది. ఆ వంపును ఇన్నాళ్లూ సెన్సరు సర్దుకోవడం అనుకుని తీసేసి లెక్క వేశాను. నాకు కావలసిన సమాచారమంతా ఆ తీసేసిన భాగంలోనే ఉంది. తలచుకుంటే బాధగా ఉంది.

కృష్ణలంక_కెమిస్ట్రీ | జులై 10, రాత్రి 9:00

బాధపడాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. డబ్బాను ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో పెట్టు. అడుగున నీళ్ల ట్రే, గోడలకు తడి గుడ్డ. నత్రజనిని నీటి గుండా బుడగలుగా పంపి డబ్బాలోకి వదులు. రెండు వైపులా గాలి నీటి ఆవిరితో నిండి ఉంటే పేపరులోని నీరు ఎటూ కదలదు. రంధ్రం కిందికి ఉండేలా డబ్బాను తిప్పు. నత్రజని, నీటి ఆవిరి రెండూ గాలికన్నా తేలిక, పైన నిలుస్తాయి. దానంతట అది ప్రవాహం పుట్టదు.

తడి పెట్టెలో సెన్సరు 20.9 బదులు 20.1 చూపిస్తుంది. కంగారు పడవద్దు. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 4.2 కిలోపాస్కల్స్, ఆ మేరకు ఆక్సిజన్ వాటా తగ్గుతుంది. తేడా లెక్కలో బయటి విలువగా 20.1 వేసుకో.

కొత్త_సభ్యుడు_పటమట | విజయవాడ | జులై 11, మధ్యాహ్నం 12:10

ఇంత శ్రమ ఎందుకు? 1941లో వికె, కాలెన్‌బాక్ చూపిన పద్ధతిలో పేపరుకు ఒక వైపు నత్రజని, మరో వైపు గాలి పారిస్తే సరిపోతుంది కదా. స్థిరమైన అంకె వస్తుంది, గ్రాఫుతో పని లేదు.

బ్రాడీపేట_ఘటం | జులై 11, మధ్యాహ్నం 1:40

గట్టి పద్ధతే, మా దగ్గరా వాడతాం. కానీ రెండు ప్రవాహాల మధ్య పీడనం తేడా రాకూడదు. ఈ రకం కార్బన్ పేపరుకు ఒక్క పాస్కల్ తేడా, అంటే 0.1 మిల్లీమీటరు నీటి ఎత్తు, ఉన్నా దాని వల్ల పారే గాలి వ్యాపనంలో పదో వంతు ఉంటుంది. అంత సన్నని తేడాను అదుపు చేసే పరికరాలు లేకపోతే ఆ అంకె స్థిరంగా వస్తుంది, తప్పుగా వస్తుంది. మూసిన డబ్బాలో పీడనం తనే సర్దుకుంటుంది. ఈమె డబ్బాయే నయం.

నడుస్తున్న సెల్‌లోనే కొలిచే దారి కూడా ఉంది. ఒకటి రెండు శాతం ఆక్సిజన్ మాత్రమే ఇచ్చి, సెల్ ఇవ్వగలిగే గరిష్ఠ కరెంటును బట్టి మొత్తం నిరోధం కనుక్కుంటారు. మొత్తం పీడనం మార్చి మళ్లీ కొలిస్తే, పీడనంతో పాటు పెరిగే భాగం పెద్ద రంధ్రాలది, మారని భాగం అతి సన్నని రంధ్రాలదీ నీటి పొరలదీ అని విడదీయవచ్చు. కానీ పేపరులో ఎంత నీరుందో అక్కడ తూచలేం. న్యూట్రాన్లతోనో ఎక్స్-కిరణాలతోనో చూడాలి.

ఆటోనగర్_లేత్ | జులై 11, సాయంత్రం 4:00

తడి పేపర్లు కూడా అయిదు పేర్చి కొలుస్తారా?

నల్లరేగడి | జులై 11, సాయంత్రం 5:15

వద్దండీ. పొడివాటికి పేర్పు మంచిదే. తడివి పేరిస్తే రెంటి మధ్య నీరు పల్చని పొరగా చేరుతుంది. అప్పుడు కొలిచేది పేపరును కాదు, అతుకును. తడికి ఒక్కటే పేపరు, పది సార్లు. ప్రతిసారీ ముందూ వెనకా తూకం. రెండు తూకాల మధ్య తేడా అర మిల్లీగ్రాము దాటితే ఆ కొలతను పక్కన పెట్టాలి.

ఇంకొకటి. ఎంత నీరు అనేదే కాదు, ఆ నీరు ఎలా చేరిందో కూడా రాసుకోండి. ఒకే తేమ శాతం ఉన్న రెండు మట్టి గడ్డలు, ఒకటి తడిసి ఆరుతున్నది, ఒకటి అప్పుడే తడుస్తున్నది, ఒకేలా ప్రవర్తించవు.

తడి_పేపరు | ఆగస్టు 2, రాత్రి 10:50

ఆలస్యానికి క్షమించాలి. పెట్టె కట్టడం, తూకాలు, మధ్యలో వానలు. ఇప్పుడు చెప్పడానికి అంకెలున్నాయి.

తడి పెట్టెలో రెండు వైపులా చిన్న ఫ్యాన్లు పెట్టాక ఉత్త రంధ్రం 60 సెకన్లకు దిగింది. పొడి పేపరుతో 91, అంటే పేపరు వాటా 31. పాత 30కి దగ్గరే.

20 శాతం తడిని రెండు రకాలుగా చేశాను. మొదటిది: బిళ్లను నీటిలో ముంచి వ్యాక్యూమ్‌తో లోపలి గాలి లాగేసి, పూర్తిగా నింపి, తర్వాత నెమ్మదిగా ఆరబెట్టి 6 మిల్లీగ్రాముల దగ్గర ఆపడం. రెండోది: పొడి బిళ్ల అడుగు ముఖానికి నీటి గొట్టం తగిలించి, సీసాను పైకెత్తి నీటిని లోపలికి తోయడం. టెఫ్లాన్ పూత వల్ల నీరు దానంతట అది ఎక్కదు. 20 మైక్రాన్ల వెడల్పున్న రంధ్రంలోకి దూరాలంటే 50 సెంటీమీటర్ల నీటి ఎత్తు కావాలని లెక్క తేలింది. సీసాను టేబులు మీద స్టూలు, స్టూలు మీద రెండు పుస్తకాలు వేసి పెట్టాను. గొట్టంలో నీటి అంచు చాలాసేపు కదలకుండా నిలిచింది. రెండో పుస్తకం పెట్టగానే ఒక్కసారిగా రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. ఆ క్షణం నాకు చాలా సంతోషం కలిగింది. పుస్తకంలో చదివిన రంధ్రం ఆ మేజా మీద తెరుచుకున్నట్టు అనిపించింది.

మొదటి రకం: 118 సెకన్లు, పేపరు వాటా 58. పొడిదానితో పోలిస్తే వ్యాపనం 53 శాతం మిగిలింది. బ్రగ్‌మన్ 72 కన్నా నల్లరేగడి గారి 48కి దగ్గర. తూకంలో నష్టం 0.3 మిల్లీగ్రాము.

రెండో రకం: అదే 6 మిల్లీగ్రాముల నీరు, 150 సెకన్లు. వాటా 90, మిగిలిన వ్యాపనం 34 శాతం. మూడు బిళ్లలతో మళ్లీ చేసినా ఇంచుమించు అదే. కోసి చూస్తే నీరంతా అడుగు ముఖం దగ్గరే గుంపుగా ఉంది. నిజమైన సెల్‌లో నీరు పుట్టేది కూడా ఒక ముఖం వైపే కాబట్టి, నాకు ఈ రెండో అంకె మీదే నమ్మకం. 'తడి 20 శాతం' అని ఒక్క అంకె రాసి ఊరుకుంటే చదివేవారికి సగమే చెప్పినట్టు.

బ్రాడీపేట_ఘటం | ఆగస్టు 3, ఉదయం 7:20

నాకూ రెండోదాని మీదే నమ్మకం. ఒక్క హెచ్చరిక: ఆ బిళ్లను పెట్టెలో ఎంతసేపు ఉంచితే నీరు అంతగా సర్దుకోవచ్చు. తోసిన వెంటనే ఒకసారి, గంట తర్వాత ఒకసారి కొలిచి చూడండి. రెండూ ఒకటే వస్తే ఆ అంకెను ఎవరూ కదపలేరు.

ఇంటర్_రెండో_ఏడు | ఆగస్టు 3, ఉదయం 8:00

అక్కా, బిళ్లను తలకిందులుగా పెట్టి, నీరున్న ముఖం డబ్బా లోపలికి ఉండేలా కొలిచారా? అప్పుడూ 150 వస్తుందా?

తడి_పేపరు | ఆగస్టు 3, ఉదయం 8:30

కొలవలేదు తమ్ముడూ. నీరు కదలకపోతే అదే రావాలి, కదిలితే మారాలి. ఘటం గారి గంట పరీక్షతో పాటు ఇదీ ఈ వారమే చేస్తాను.

నల్లరేగడి | ఆగస్టు 3, సాయంత్రం 6:10

అమ్మా, ఆ పరీక్షలయ్యాక డబ్బా ఒక ఆదివారం నాకు ఇస్తారా? మా పెరట్లో నల్లరేగడి ఉంది, మొన్నటి వానకు బాగా నానింది. స్టీలు గొట్టంతో ఒక గడ్డ తీసి మీ పేపరు చోట పెట్టి చూడాలని ఉంది. గడ్డ వ్యాసం 5 సెంటీమీటర్లు ఉంటుంది. లేత్ గారూ, దానికి సరిపడే రింగు తిప్పగలరా?

ఆటోనగర్_లేత్ | ఆగస్టు 3, రాత్రి 7:45

తప్పకుండా తిప్పుతాను. గొట్టం బయటి వ్యాసం వెర్నియరుతో కొలిచి పంపండి. మట్టి జారకుండా లోపలి అంచుకు అర మిల్లీమీటరు మెట్టు వదులుతాను. శుక్రవారానికి సిద్ధం.